బక్కచిక్కిన గుర్రానికి ఏది మేలు: ఉలవలా, జొన్నలా, నూనెనా?

పెళ్లి ముహూర్తాలు మొదలయ్యాయంటే గుర్రాలు పెట్టుకున్నవాళ్లు అడిగే మాట ఒకటే: "దాణా బాగానే పెడుతున్నాం, అయినా పక్కటెముకలు బయటికి కనిపిస్తున్నాయి, ఇంకేం పెట్టాలి?" కడుపులో పురుగులకు నట్టల మందు తాపించారనే అనుకుంటాను. లద్దెలో గింజలు గింజలుగానే పడుతుంటే, నోట్లోంచి గడ్డి ఉండలు జారుతుంటే ముందు పళ్లు చూపించండి. ఆ సంగతి తేలకుండా ఏం పెట్టినా దండగే.

గుర్రం చిక్కిందంటే మనవాళ్లు మొదట చేసే పని గింజ కొలత పెంచడం. చిక్కంతా అక్కడే ఉంది. అంత పెద్ద జంతువుకు కడుపు 8 నుంచి 15 లీటర్లే. జొన్నల్లో, మొక్కజొన్నల్లో సుమారు 70 శాతం పిండి పదార్థం. ఒకేసారి ఎక్కువ పోస్తే అరగని పిండి పెద్దపేగులోకి దిగి పులుస్తుంది. దాంతో కడుపునొప్పి వస్తుంది, లేదంటే గిట్టల్లో వాపు వచ్చి గుర్రం అడుగే వేయదు. 300 కిలోల గుర్రానికి జొన్నలు పూటకు అరకిలో దాటనివ్వొద్దు, అదీ నలగ్గొట్టి పెట్టాలి. మొక్కజొన్నయితే నేను వద్దనే చెబుతాను.

ఉలవలు ఆ భయాన్ని చాలా తగ్గిస్తాయి. పిండి తక్కువ, మాంసకృత్తులు 20 శాతం పైనే. పని చేసి చిక్కిన గుర్రానికి కొవ్వొక్కటే కాదు, వీపు మీద కండ కూడా పోతుంది. దాన్ని నూనె తెచ్చివ్వలేదు, ఉలవలు తేగలవు. పచ్చివి పెడితే సరిగా అరగవు, మెత్తగా ఉడకబెట్టాలి. ఉడికిన నీళ్లు ఇంట్లో చారుకు పోతాయనుకోండి, ఆ పంపకం మనకు కొత్తేం కాదు! అనంతపురం ఎండల్లో పొద్దున ఉడికించినవి సాయంత్రానికి పులిసిపోతాయి, కాబట్టి ఏ పూటవి ఆ పూటే.

నూనె బలం వేరు. 100 గ్రాముల నూనెలో దాదాపు పావుకిలో జొన్నలంత శక్తి ఉంటుంది, పిండి మాత్రం అసలుండదు. రోజుకు రెండు చెంచాలతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో 200 మిల్లీలీటర్ల దాకా తీసుకెళ్లొచ్చు. తొందరపడితే లద్దె పల్చబడుతుంది. ఖర్చు సంగతి మీకు తెలిసిందే. ఉలవలు పెట్టినా ఒళ్లు రాకపోతేనే నేను నూనె దాకా వెళ్తాను.

అయితే వీటన్నిటికన్నా నేను ముందు చూసేది మేత. దాన్నే ఎవరూ అడగరు. 300 కిలోల గుర్రానికి రోజుకు ఐదారు కిలోల ఎండుమేత పడాలి, అదీ గంటల తరబడి నములుతూ ఉండేలా. ఉత్త జొన్నచొప్పతో కడుపు నిండుతుంది గానీ ఒళ్లు రాదు. నీళ్లు తక్కువ తాగిందంటే పేగులో గట్టిపడి కూర్చుంటుంది కూడా. మన సీమలో దొరికే వేరుశనగ కట్టె, అంటే కాయలు తీసేశాక మిగిలే ఎండు చెట్టు, దానికన్నా ఎంతో మేలు. సారమంతా ఆకులోనే ఉంటుంది, కాబట్టి ఆకు రాలని కట్టె చూసి కొనండి. వామిలో తడిసి నల్లబడినది, చేత్తో విరిస్తే బూజు వాసన కొట్టేది ఊరికే ఇచ్చినా వద్దు. ఇంకో సంగతి, చెట్టును వేళ్లతో సహా పీకుతారు కాబట్టి మట్టి కూడా వస్తుంది. ఒక మోపు బండ మీద కొట్టి చూస్తే ఎర్రమట్టి ఎంత రాలుతుందో తెలుస్తుంది. అది దులపకుండా పెడితే ఇసుక పేగుల్లో పేరుకుపోతుంది. అనుమానముంటే నాలుగు లద్దె ఉండల్ని బకెట్ నీళ్లలో కలిపి కాసేపు వదిలేయండి, ఇసుకుంటే అడుగున పేరుకుంటుంది.

తవుడు పిడికెడు చాలు. అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. రోజూ బాగా పెడితే ఎముకలు దెబ్బతింటాయి. నూనె తీసిన తవుడుతో ఒళ్లు కూడా రాదు. నంద్యాల వైపు శనగలు చవగ్గా దొరికితే ఉలవల బదులు వాడుకోవచ్చు. బెల్లం ముద్దు చేయడానికే.

ఏది మార్చినా పది రోజుల మీద కొంచెం కొంచెంగా మార్చండి. ఆషాఢంలో పని లేదు కదా, ఇప్పుడే ఒళ్లు చేయిద్దామని గింజ పెంచుతారు కొందరు. వద్దు. కట్టె అలాగే ఉంచి గింజ తగ్గించండి, పని లేకపోవడంతోనే ఒళ్లు చేస్తుంది.