పాత సామాన్ల బండికా, రీసైక్లర్‌కా?

మా అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ గది పక్కన పాత సీపీయూలు, చార్జర్లు, ఓ ఇన్వర్టర్ బ్యాటరీ, మాడిపోయిన ట్యూబ్‌లైట్లు పోగుపడ్డాయి. పాత సామాన్ల బండికి వేసేద్దామని సగం మంది, అనుమతి ఉన్న రీసైక్లర్‌ని పిలుద్దామని సగం మంది.

బండి అతను గుమ్మం దగ్గరికే వస్తాడు, తూకం వేసి అక్కడికక్కడే డబ్బులిస్తాడు. అందులో వంక పెట్టడానికేం లేదు. అసలు ఇబ్బంది ఆ తర్వాతే. చాలాచోట్ల రాగి కోసం వైర్లను కుప్పపోసి తగలబెడతారు. పైనున్న పీవీసీ ప్లాస్టిక్ తొడుగు కాలితే డయాక్సిన్లనే విష రసాయనాలు వెలువడతాయి. బ్యాటరీ పగలగొట్టి, యాసిడ్ మట్టిలో ఒంపేసి సీసం కరిగిస్తారు. ఆ పొగ ముందు పీల్చేది ఆ పనివాళ్లు, వాళ్ల పిల్లలే.

రీసైక్లర్ ఒక్క మౌస్ కోసం రాడు. నాలుగిళ్ల సరుకు కలపాలి, ఫోన్లు చేయాలి, ఓపిక పట్టాలి. డబ్బూ పెద్దగా రాదు. అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వాళ్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదై ఉండాలి. ఆ వివరాలు అడిగి చూసుకోవచ్చు. నా ఓటు ఇటే.

బ్యాటరీకి మాత్రం రెండూ అక్కర్లేదు. కొత్తది కొనే షాపులో పాతది ఇస్తే ధర తగ్గిస్తారు. ఇక ట్యూబ్‌లైట్లు బండివాళ్లకు పనికిరావు, పగిలితే లోపలి పాదరసం బయటికొస్తుంది. కొత్తవి వచ్చిన అట్టగొట్టాల్లోనే వాటిని దూర్చి, మెట్ల కింద నిలబెట్టాం.