రెండోసారి శాట్ రాసేవారికి బ్లూబుక్ ఎంతవరకు పనికొస్తుంది?

అమెరికాలో పదకొండో తరగతి చివర్లో కాలేజీ ప్రవేశాలకు పనికొచ్చే శాట్ పరీక్ష రాసి, వచ్చిన స్కోరు చాలదనిపించి, మళ్లీ రాయాలా వద్దా అని ఆలోచిస్తున్న పిల్లలున్న తెలుగు కుటుంబాల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. మా అమ్మాయి రెండో ప్రయత్నానికి సిద్ధమవుతున్నన్నాళ్లూ శాట్ నిర్వహించే కాలేజ్ బోర్డ్ ఉచితంగా ఇచ్చే బ్లూబుక్ యాప్‌నూ, అదే సంస్థ ఆన్‌లైన్‌లో ఉంచిన క్వశ్చన్ బ్యాంక్‌నూ దగ్గరుండి చూశాను. కోచింగ్‌కు డబ్బు కట్టే ముందు ఈ రెండింటినీ పూర్తిగా వాడుకోవాలని గట్టిగా చెబుతాను. అయితే రెండోసారి రాసేవారికి అన్నిటికన్నా అవసరమైన సమాచారాన్ని ఈ సంస్థ ఇవ్వడం లేదు.

ఎంఐటీ 2022లోనూ, డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్ 2024లోనూ ప్రవేశ పరీక్ష స్కోర్లను మళ్లీ తప్పనిసరి చేస్తున్నట్లు ప్రకటించాయి కాబట్టి, పెద్ద కాలేజీలు కోరుకునే పిల్లలకు రెండో ప్రయత్నం మళ్లీ ముఖ్యమైంది. శాట్ రాసినవారిలో సుమారు సగం మందే మళ్లీ రాస్తారనీ, మళ్లీ రాసినవారి స్కోరు చెప్పుకోదగినంతగా పెరుగుతుందనీ 2020లో ప్రచురితమైన ఒక ఆర్థికశాస్త్ర పరిశోధన తేల్చింది. తక్కువ ఆదాయమున్న ఇళ్ల పిల్లలు మళ్లీ రాయడం ఇంకా తక్కువట. ఉచిత సాధన సామగ్రి నాణ్యత గురించి ఇంత పట్టుదలగా మాట్లాడటానికి నాకున్న ముఖ్య కారణం అదే.

బ్లూబుక్‌లో నాకు బాగా నచ్చినది, అసలు పరీక్ష జరిగేది కూడా అందులోనే కావడం. 2 గంటల 14 నిమిషాల్లో 98 ప్రశ్నలు, తెరపైనే గ్రాఫ్‌లు కూడా గీసే డెస్మోస్ కాలిక్యులేటర్, సమయం చూపే గడియారం, తర్వాత చూద్దామనుకున్న ప్రశ్నకు గుర్తు పెట్టుకునే వీలు అన్నీ సాధన పరీక్షలోనూ అలాగే ఉంటాయి. ఇంగ్లీషు, లెక్కల సెక్షన్లు ఒక్కోదానిలో మాడ్యూళ్లనే రెండు భాగాలుంటాయి. మొదటి మాడ్యూల్ చేసిన తీరును బట్టి రెండో మాడ్యూల్ కష్టంగానో తేలికగానో వస్తుందనీ, తేలికది వస్తే అందులో అన్నీ సరిగ్గా చేసినా పైస్థాయి స్కోరు అందదనీ చదివి తెలుసుకోవడం వేరు, సాధనలో స్వయంగా చూడటం వేరు. మొదటి మాడ్యూల్‌లో తొందరపడి పోగొట్టుకునే తేలిక ప్రశ్నల విలువ పిల్లలకు అప్పుడే అర్థమవుతుంది.

ఇక లోపం సంగతి. అసలు పరీక్ష ముగిసి స్కోరు వచ్చాక, ఏ ప్రశ్న తప్పిందో విద్యార్థికి చూపించరు. ఒక్కో సెక్షన్‌లో నాలుగేసి విభాగాలు చేసి, ఏ విభాగంలో ఏ స్థాయిలో ఉన్నారో గీతలతో సూచిస్తారు, అంతే. కాగితంపై శాట్ రాసిన రోజుల్లో కొన్ని తేదీలకైనా అదనపు రుసుము కడితే ప్రశ్నలూ జవాబులూ చూసుకునే వీలుండేది; మన ఇంటర్ బోర్డు సైతం రుసుము తీసుకుని జవాబు పత్రం స్కాన్ కాపీ ఇస్తుంది. 2024-25లో ఒక్కో ప్రయత్నానికి 68 డాలర్లు వసూలు చేసిన పరీక్షలో, ఆల్జీబ్రాలో బలహీనమని మాత్రమే చెప్పి, లీనియర్ ఈక్వేషన్లలోనా ఇనీక్వాలిటీలలోనా అన్నది విద్యార్థి ఊహకు వదిలేయడం న్యాయం కాదు.

ఈ లోటును కొంతవరకు పూడ్చేది సాధన పరీక్షలే. వాటిలో ప్రతి ప్రశ్ననూ, మనం పెట్టిన జవాబునూ, వివరణనూ తర్వాత చూసుకోవచ్చు. కానీ పూర్తి నిడివి పరీక్షలు కొన్నే ఉంటాయి, ఒకసారి చేసినదాన్ని మళ్లీ చేస్తే జ్ఞాపకంతో వచ్చిన స్కోరు భ్రమ కలిగిస్తుంది. అందుకే మొదటి ప్రయత్నానికి ముందే అన్నీ ఖర్చు చేయకుండా, కనీసం రెండింటిని ముట్టుకోకుండా దాచుకోవాలని సలహా ఇస్తాను. వివరణలు సరైనవే అయినా, లెక్కల్లో ఎక్కువగా బీజగణిత మార్గాన్నే చూపిస్తాయి. డెస్మోస్‌లో ఒక్క గ్రాఫ్‌తో తేలిపోయే ప్రశ్నలకు ఆ దారి విడిగా నేర్చుకోవాలి.

క్వశ్చన్ బ్యాంక్‌లో విభాగం, నైపుణ్యం, కాఠిన్యం వారీగా ప్రశ్నలను ఎంచుకోవచ్చు. అక్కడ సాధన పరీక్షల్లో వాడుతున్న ప్రశ్నలను మినహాయించే ఒక చిన్న గడి ఉంది. దాన్ని ఎంచుకోకపోతే, దాచుకున్న పరీక్షల్లోని ప్రశ్నలు ముందే కనిపించి ఆ జాగ్రత్త అంతా వృథా అవుతుంది. పాఠాలే మళ్లీ కావాలనుకునేవారికి ఖాన్ అకాడమీ ఉచిత కోర్సు చాలు.

చాలా కాలేజీలు వేర్వేరు తేదీల్లో వచ్చిన సెక్షన్ స్కోర్లలో ఎక్కువైనవాటిని కలిపి చూస్తాయి కాబట్టి, లెక్కల్లో 780 వచ్చి ఇంగ్లీషులో 690 దగ్గర ఆగినవారు వేసవంతా ఇంగ్లీషు మీదే పెట్టవచ్చు. జార్జ్‌టౌన్ యూనివర్సిటీ మాత్రం రాసిన ప్రతి ప్రయత్నం స్కోరునూ అడుగుతుంది. ఆ కాలేజీ జాబితాలో ఉంటే, సాధన పరీక్షల్లో స్పష్టమైన పెరుగుదల కనిపించాకే రిజిస్టర్ చేసుకోవడం మేలు. నవంబరు 1 గడువుతో ముందస్తు దరఖాస్తు పెట్టేవారికి ఆగస్టు తేదీ అన్నిటికన్నా అనుకూలం. జూన్, జూలైలు పూర్తిగా చేతిలో ఉంటాయి, ఫలితం వచ్చాక వ్యాసాలు రాసుకోవడానికి సమయమూ మిగులుతుంది.