వెలగని రేడియం గడియారం కొంటున్నారా? ఆగండి

విశాఖలో పాత వాచీలు, గడియారాలు కొనే పిచ్చి ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. పోయిన ఆదివారం వన్‌టౌన్‌లో పాత సామాన్ల కొట్టులో కీ ఇచ్చే అలారం గడియారం ఒకటి 1,800కి కొన్నాను. అంకెల మీద, ముళ్ల మీద గోధుమరంగు పెచ్చు కట్టి ఉంది. రేడియమా అని అడిగితే, "ఎలగడం ఎప్పుడో మానేసింది బాబూ, రేడియం అయిపోనాది. ఇంకేటి భయం?" అన్నాడు. నేనూ నమ్మాను.

ఇంటికొచ్చి, ముల్లు వంకర సరిచేద్దామని డైనింగ్ టేబుల్ మీదే అద్దం ఊడదీశాను. పెచ్చు పొడిపొడిగా రాలి కింద పరిచిన పేపర్ మీద పడింది. ఉఫ్‌మని ఊదబోతుంటే "ఒరేయ్ ఆగు!" అని మా బావ కేకేశాడు. ఆయన ఫిజిక్స్ లెక్చరర్. మర్నాడు కాలేజీ నుంచి రేడియేషన్‌ని పసిగట్టి టిక్కుమనే గైగర్ కౌంటర్ తెచ్చాడు. గది మధ్యలో ఎప్పుడో ఒక టిక్కు. గడియారం దగ్గర పెడితే పోపులో ఆవాలు చిటపటలాడినట్టే.

చీకట్లో వెలగడానికి అంకెలకు పూసే ఆ రంగులో ఉండేవి రెండు. వెలిగేది జింక్ సల్ఫైడ్, దాన్ని వెలిగించేది రేడియం. రేడియం నుంచి రేడియేషన్‌గా వచ్చే ఆల్ఫా కణాలు తగిలి జింక్ సల్ఫైడ్ మెరుస్తుంది, ఆ దెబ్బలకే కొన్నేళ్లలో పాడైపోతుంది. అంటే చచ్చింది జింక్ సల్ఫైడే. రేడియం-226 సగం తరగడానికే సుమారు 1,600 ఏళ్లు కావాలి. వందేళ్ల గడియారంలోనూ నూటికి 95 పాళ్లు మిగిలే ఉంటుంది!

ఆల్ఫా కణాలు అద్దాన్ని దాటవు, గామా కిరణాలు కొంత దాటతాయి. అసలు ప్రమాదం పొడి నోట్లోకో ఊపిరిలోకో పోతే. శరీరం రేడియాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. అమెరికాలో న్యూజెర్సీలో డయళ్లకు ఈ రంగు వేసిన అమ్మాయిలు బ్రష్ మొనను పెదాలతో సన్నం చేసుకునేవారు. 1920ల్లో వాళ్ల దవడ ఎముకలు కుళ్లిపోయాయి.

(బైక్‌కి అంటించే రేడియం స్టిక్కర్ల గురించి టెన్షన్ వద్దు. పేరే రేడియం, అవి ఉత్త రిఫ్లెక్టర్లు.)

టేబుల్‌ని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ, పేపరు, గడియారం అన్నీ జిప్ కవర్లో పెట్టి మూత గట్టి డబ్బాలో ఉంచాను. చెత్తబండికి ఇవ్వలేదు, మీరూ ఇవ్వకండి. ముంబైలోని అణుశక్తి నియంత్రణ మండలికి మెయిల్ పెట్టాను.

కొట్టతను మాత్రం డబ్బు వాపసు లేదన్నాడు, కావాలంటే 500కి తిరిగి తీసుకుంటాడట. అతని బీరువాలో అలాంటివే ఇంకో మూడున్నాయి. ఒకదానికి అద్దమే లేదు.