బాపట్ల అగ్రికల్చర్ కాలేజీ: సీటు రాకముందే రాస్తున్న రివ్యూ

ముందే చెప్తున్నా, నేను ఈ కాలేజీలో ఇంకా చేరలేదు. ఈఏపీసెట్ రాసి ర్యాంకు కోసం కూర్చున్న బైపీసీ బ్యాచ్. చేరకుండా రివ్యూ ఏంటి అంటారా? చేరినవాళ్లు రాసినవి చాలానే చదివాను, మెస్‌లో కూర ఎలా ఉంటుంది, వైఫై వస్తుందా, ఫెస్ట్ బాగా చేస్తారా, అంతకు మించి ఏమీ దొరకలేదు. నాకు కావాల్సింది వేరే. అక్కడ నేర్పేది మా పొలంలో పనికొస్తుందా లేదా? దానికి జవాబు నాకు కాలేజీలో కాదు, మా ఊరి రామాలయం ముందు దొరికింది, అందుకే అక్కడి నుంచి మొదలుపెడుతున్నా.

మాది కృష్ణా డెల్టాలో కొమ్మమూరు కాలువ కింద చివరి ఊళ్లలో ఒకటి. సార్వాకి బీపీటీ రకం వరి, కోతకు కొద్దిరోజుల ముందు ఆ చేలోనే మినుము చల్లడం, నీళ్లు అందిన ఏడు మొక్కజొన్న, అంతే మా సేద్యం. ఇంటర్ ఫస్టియర్ దసరా సెలవులకు ఇంటికొస్తే రామాలయం ముందు జనం గుమిగూడి ఉన్నారు. నలుగురైదుగురు అమ్మాయిలు నేల ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు పోస్తున్నారు. ఏదో పండగ పోటీ అనుకున్నా. దగ్గరికి వెళ్లి చూస్తే అది మా ఊరే! తెల్ల ముగ్గుతో వీధులు, నీలంతో కాలువ, పసుపుతో ఇళ్లు, ఆకుపచ్చతో వరి. మా తాతయ్య కర్రతో చూపిస్తూ "ఆ బోదె అక్కడ కాదమ్మా, ఇవతలికి రావాలి" అంటుంటే వాళ్లు చేత్తో చెరిపేసి మళ్లీ పోస్తున్నారు. ఏ బోరులో ఉప్పునీళ్లు పడ్డాయి, ఏ మూల నీళ్లు నిలుస్తాయి, ఎవరికి ఎన్ని గేదెలు, అన్నీ అడుగుతూ పటంలో గుర్తులు పెడుతున్నారు. బాపట్ల వ్యవసాయ కళాశాల నాలుగో సంవత్సరం వాళ్లట. రావెప్ అంటారు, రూరల్ అగ్రికల్చరల్ వర్క్ ఎక్స్‌పీరియన్స్ ప్రోగ్రామ్. పల్లెటూళ్లో ఉండి, ఒక్కొక్కరు ఒక్కో రైతు వెంట తిరుగుతూ నేర్చుకోవాలి, దానికి మార్కులుంటాయి. నేను చదివే రెసిడెన్షియల్ కాలేజీలో కిటికీలోంచి చూస్తే పక్క బిల్డింగ్ గోడ తప్ప ఏమీ కనపడదు, అందుకేనేమో ఊళ్లో తిరుగుతూ చదివే చదువు ఒకటుందంటే నమ్మబుద్ధి కాలేదు.

అందులో ఒక అక్కకి మా నాన్న రైతుగా పడ్డాడు. అదే వారం మా చేలో వరి మొదళ్లలో రసం పీల్చే సుడిదోమ కనిపించిందని నాన్న మందుల షాపుకి వెళ్లి సంచి నిండా తెచ్చాడు. షాపు పేరు రాయను, అప్పు పెట్టేది కూడా వాళ్లే కాబట్టి ఊళ్లో ఎవరూ పేరెత్తరు. మూడు సీసాలు. ఒకటి దోమకి, ఒకటి పురుక్కి, ఇంకోటి "పచ్చదనానికి". అన్నీ ఒకే డ్రమ్ములో కలిపి కొట్టేయమన్నాడట. అక్క చేలోకి దిగింది, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఒక దుబ్బు దగ్గర కూర్చుని అరచేత్తో దాని మొదలు మీద రెండుసార్లు తట్టింది. నీళ్ల మీద గోధుమరంగు చుక్కలు పడి కదులుతున్నాయి. లెక్కపెట్టింది. ఇంకో మూల ఇంకో దుబ్బు, మళ్లీ లెక్క. తర్వాత గట్టెక్కి సీసాలు తీసి వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివింది.

"బాబాయ్ గారూ, ఈ రెండోది సింథటిక్ పైరిత్రాయిడ్. ఇది కొడితే దోమని తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు ముందు చచ్చిపోతాయి, దోమ ఇంకా రెచ్చిపోతుంది. ఇది వద్దు. పచ్చదనం మందు అసలే వద్దు, ఇప్పటికే యూరియా ఎక్కువై దోమకి విందు భోజనంలా ఉంది."

చేలో నీళ్లు తీసేసి ఆరబెట్టమంది, దుబ్బుల్ని పక్కలకి వంచి పాయలు తీసి దోమ మందు ఒక్కటే మొదళ్లు తడిసేలా కొట్టమంది. నాట్లప్పుడు ప్రతి రెండు మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలి ఉంటే గాలి, వెలుతురు తగిలి ఇంత ఉండేది కాదంది. కాలిబాటల మాట నాన్నకి కొత్తేమీ కాదు, అంత నేల ఖాళీగా వదలడానికి మనసొప్పక తీయలేదు. ఆ తర్వాత అద్భుతం జరిగిపోయిందని చెప్పను. దక్షిణం మూల కొంత సుడులు పడి ఎండిపోయింది, మిగతాది దక్కింది. షాపాయన సీసాలు వాపసు తీసుకోలేదు, వాటికి బదులు ఏదో గుళికల సంచి అంటగట్టాడు, అది ఇంకా మా పశువుల పాకలోనే ఉంది.

నాకు మాత్రం ఆ సీసా వెనక్కి తిప్పి చదవడం దగ్గరే మనసు ఆగిపోయింది. మా ఇంట్లో పదేళ్లుగా మందులు కొంటున్నాం, ఒక్కరం కూడా ఆ పని చేయలేదు. నేను ఇంటర్ బోటనీలో టాప్, నేనూ చేయలేదు.

ఇంకో సంగతి చెప్తే నవ్వుతారు. పుట్టినప్పటి నుంచి బీపీటీ అన్నమే తింటూ, బీపీటీ అంటే బాపట్ల అని నాకు ఆ రోజు దాకా తెలియదు. బీపీటీ 5204, సాంబ మసూరి, 1986లో విడుదలైంది, బాపట్లలో తయారైన రకం. జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి, ఈ మూడు వరి రకాలూ దాని పుట్టింటి వాళ్లు. మిగతా రకాల పేర్లూ ఇంతే, ఎమ్‌టీయూ అంటే మార్టేరు, ఎన్‌ఎల్‌ఆర్ అంటే నెల్లూరు, మా అమ్మ వడియాలకి వాడే మినుముల్లో ఎల్‌బీజీ అనేది గుంటూరు పక్కన ఉన్న లాం ఫారంది. అంటే మా వంటింట్లో డబ్బాలన్నిటి మీదా ఈ కాలేజీ ఉన్న వ్యవసాయ యూనివర్సిటీ అడ్రస్సే ఉంది, మేమే చదవలేదు. బాపట్ల పాత పేరు భావపురి, ఆ పేరుతో కూడా ఒక రకం ఉంది, బీపీటీ 2270, భావపురి సన్నాలు.

తాతయ్య దృష్టిలో బీపీటీ అంటే "నోటికి రుచి, ఒంట్లో సత్తువ లేదు". అగ్గితెగులు, ఎండాకు తెగులు, దోమ, ఏది వచ్చినా ముందు దానికే. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ, వరి పరిశోధన సంస్థ కలిసి ఎండాకు తెగులును తట్టుకునేలా దాన్నే మార్చి ఇంప్రూవ్డ్ సాంబ మసూరి తెచ్చారు. 2025 మేలో మన దేశంలో మొదటి జీనోమ్ ఎడిటింగ్ (మొక్క సొంత జన్యువుల్నే సరిదిద్దే పద్ధతి) వరి రకాలు రెండు ప్రకటించారు కదా, వాటిలో కమల అనేది మన సాంబ మసూరి నుంచి చేసిందే, దానికంటే దాదాపు 20 రోజులు ముందే కోతకొస్తుందట. రెండోది మార్టేరు వాళ్ల ఎమ్‌టీయూ 1010 నుంచి. కాలువ చివర ఉన్న మాకు 20 రోజులంటే ఏంటో డెల్టా పైఊళ్ల వాళ్లకి చెప్పినా అర్థం కాదు, ఆఖరి తడికి నీళ్లు వస్తాయా రావా అనే టెన్షన్ మొత్తం ఆ 20 రోజుల్లోనే ఉంటుంది. ఈ వార్త చదివినప్పుడు నేను లాంగ్ రికార్డులో మెండెల్ బఠాణీల పట్టిక నాలుగోసారి వేస్తున్నా.

ఇక కాలేజీ చూసిన రోజు. పరీక్ష అయిపోయిన వారానికి, సరిగ్గా రోహిణి కార్తెలో, నేనూ నాన్నా వెళ్లాం. పొన్నూరు వెళ్లి అక్కడి నుంచి బస్సు. పక్కనే నిడుబ్రోలు, యూనివర్సిటీకి ఎవరి పేరు పెట్టారో ఆ ఎన్.జి. రంగా గారు 1900లో పుట్టింది అక్కడే. బాపట్ల కాలేజీ 1945లో మొదలైంది, అప్పటిదాకా మనవాళ్లు వ్యవసాయం చదవాలంటే కోయంబత్తూరు పోవాల్సిందే. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టాక దాని కిందికి వచ్చింది, రాష్ట్రం రెండయ్యాక యూనివర్సిటీ కూడా రెండైంది, రాజేంద్రనగర్ తెలంగాణకి ప్రొఫెసర్ జయశంకర్ పేరుతో వెళ్లింది, మనది లాంకి వచ్చింది. చరిత్ర ఇంతటితో చాలు.

మా ఊరికొచ్చిన అక్క ఇప్పుడు అక్కడే ఎంటమాలజీలో, అంటే పురుగుల శాస్త్రంలో, ఎమ్మెస్సీ చేస్తోంది, ఫోన్ చేస్తే చూపిస్తా రమ్మంది. ఆ ఎండకి పొలాల్లో ఏమీ లేదు, మోళ్లు, దుమ్ము. అయినా ఒక మడి దగ్గర ఆగి "డిగ్రీలో ఇది నాది" అంది. పంట పండించడం ఒక సబ్జెక్టు అక్కడ, మడి ఇస్తారు, విత్తనం దగ్గర నుంచి కోత దాకా చూసుకోవాలి, ఖర్చూ రాబడీ లెక్క రాయాలి. తన మినుముకి పల్లాకు తెగులు వచ్చి సగం పోయిందని నవ్వుతూ చెప్పింది. నాన్న నవ్వలేదు. "నష్టమొస్తే మార్కులు తగ్గిస్తారా అమ్మా" అని అడిగాడు. ఎందుకు పోయిందో రాయగలిగితే తగ్గించరంది. తిరుగు బస్సులో చాలాసేపు దీని గురించే మాట్లాడాడు, పోయినదానికి కారణం రాస్తే మార్కులేస్తారంట చూశావా అని.

తర్వాత కీటకాల పెట్టె తెచ్చి చూపించింది. చెక్కపెట్టె, అడుగున థర్మోకోల్, మూత తీయగానే కలరా ఉండల ఘాటు. సూదులకి గుచ్చిన పురుగులు వరసగా, ఒక్కోదాని కింద గోరంత చీటీ, దాని మీద పేరు, పట్టిన ఊరు, తేదీ. కొబ్బరి కొమ్ము పురుగు నాకు తెలుసు, చిన్నప్పుడు దారం కట్టి ఎగరేసేవాళ్లం. మూడో వరసలో ఒక చిన్న పసుపు రెక్కల పురుగు, రెండు రెక్కల మీదా ఒక్కో నల్లచుక్క, కాండం తొలుచు పురుగు తల్లి అది. చీటీ మీద మా ఊరి పేరు ఉంది. మా ఇంట్లో లైటు చుట్టూ అవి వందల కొద్దీ తిరుగుతుంటే చీపురుతో ఊడ్చిపారేసేవాళ్లం, వరిలో తెల్లకంకి అని మేం ఏడ్చేది దాని పిల్లల వల్లేనని అనుకోలేదు.

ఇప్పుడు నచ్చనివి కూడా చెప్పాలిగా. అవి కాలేజీవి కావు, చదువువి. నాలుగేళ్లు చదివాక ఉద్యోగం చేతిలో పెడతారనుకుంటే పొరపాటు. అగ్రికల్చర్ ఆఫీసర్ పోస్టులు ఎప్పుడు పడతాయో తెలియదు, అందుకని సీనియర్లలో చాలామంది ఐబీపీఎస్ అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పరీక్షకి చదువుతుంటారు, అంటే పురుగుల గురించి నాలుగేళ్లు చదివి చివరికి పంట రుణాలు ఇచ్చే కుర్చీలో కూర్చోవడం. తప్పు కాదు, మంచి జీతం, కానీ నాకు అది కొంచెం వెలితిగానే ఉంది. పీజీకి వెళ్లి రీసెర్చ్ వైపు పోవాలంటే మళ్లీ జాతీయ స్థాయి పోటీ. చదువంతా ఇంగ్లీషులో, రావెప్‌లో మాత్రం తెలుగులో, అదీ రైతుకి అర్థమయ్యే తెలుగులో చెప్పాలి. ఈ రెండోదే కష్టం అంది అక్క. ఎండ గురించి నేను చెప్పను, మాకు అలవాటే.

మా చుట్టాల బాధ వేరు. "ఎంబీబీఎస్ రాకపోతే అగ్రి" అనేది వాళ్ల లెక్క. పిన్ని అయితే నీట్ లాంగ్ టర్మ్‌కి డబ్బులు తను కడతానంది. నేను మొదటి ఆప్షనే ఇది పెడుతున్నానంటే నమ్మడం లేదు, మార్కులు తక్కువొచ్చి దాస్తున్నాననుకుంటున్నారు.

ఈలోపు ఒక ప్రైవేటు కాలేజీ నుంచి పీఆర్వో ఒకాయన రోజుకి రెండుసార్లు ఫోన్. "ర్యాంకుతో పనిలేదమ్మా, ఇదే అగ్రి బీఎస్సీ, రేపటితో సీట్లు క్లోజ్." ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు ఉందా అని అడిగితే ప్రాసెస్‌లో ఉంది అన్నాడు. ఫారం ఎన్ని ఎకరాలు అంటే బస్సు సౌకర్యం గురించి చెప్పాడు. మీరెవరైనా ఈ కోర్సులో చేరుతుంటే ఈ రెండు ప్రశ్నలూ అడగండి, ముఖ్యంగా మొదటిది. ఐకార్ గుర్తింపు లేని కాలేజీలో చదివితే ఐకార్ పీజీ పరీక్షల దగ్గర తలుపు మూసేస్తారు. ప్రభుత్వ కాలేజీలో ఫీజు ఆయన చెప్పినదాంట్లో చిన్న ముక్క.

బాపట్ల రాకపోతే? తిరుపతి, నైరా, మహానంది, రాజమహేంద్రవరం, ఇవన్నీ ఇదే యూనివర్సిటీవి, సిలబస్ ఒకటే, ఏది వచ్చినా వెళ్తా. కానీ మా నేల, మా నీళ్లు, మా ఉప్పు బోర్లు, మా బీపీటీ ఉన్నది ఇక్కడ. ఉప్పునీళ్లతో సేద్యం ఎలా అని పరిశోధన చేసే కేంద్రం కూడా బాపట్లలోనే ఉంది, తాతయ్య ఆ ముగ్గు పటంలో కర్రతో చూపించిన బోరు గురించి వాళ్లనే అడగాలని ఉంది. సూర్యలంక బీచ్ పక్కనే ఉండటం కూడా ఒక కారణమే, కాదంటే అబద్ధం.

రేటింగ్ ఇవ్వమంటే ఐదుకి నాలుగు. ఆ ఒక్కటీ చేరాక చూద్దాం.

రైతు కోటా 40 శాతం ఉంది, పల్లెటూళ్లలో చదివి, ఇంట్లో పొలం ఉన్న పిల్లలకి అది పెద్ద ఆసరా. మా పొలం కాగితాలు ఇంకా తాతయ్య పేరునే ఉన్నాయి. రోజూ పొలం వెళ్లేది నాన్న, పాసు పుస్తకంలో పేరు లేదు. ఇన్నేళ్లూ దాని అవసరం పడలేదు, ఇప్పుడు పడింది. కౌన్సెలింగ్ టైముకి ఏ ఇబ్బందీ రాకుండా నాన్న పేరుకి మార్పించే పని మొదలుపెట్టారు, నా స్టడీ సర్టిఫికెట్లు ఒక కవర్లో, అడంగల్, 1బి లాంటి పొలం కాగితాలు ఇంకో కవర్లో. తాతయ్య సంతకం పెట్టడానికి రేపు పొద్దున ఆఫీసుకి రావాలి, ఇస్త్రీ చొక్కా కావాలని ఇప్పటి నుంచే అమ్మ ప్రాణం తీస్తున్నాడు.