రేడియేషన్ రోగుల జీవన నాణ్యత: క్యూఎల్‌క్యూ-సీ30నా, ఫ్యాక్ట్-జీనా?

నెల్లూరులో రేడియేషన్‌కి వచ్చేవాళ్లలో ఉదయగిరి, కావలి వైపు నుంచి వారానికి 5 రోజులు బస్సెక్కేవాళ్లుంటారు. ఛార్జీలు, పోయిన కూలి కూడా జీవన నాణ్యతలో భాగమే. దాన్ని కొలవడానికి క్యాన్సర్ రోగులతో నింపించే ప్రశ్నాపత్రాలే క్యూఎల్‌క్యూ-సీ30, ఫ్యాక్ట్-జీ. క్యూఎల్‌క్యూ-సీ30లో డబ్బు ఇబ్బందిపై విడిగా ఒక ప్రశ్న ఉంది, ఫ్యాక్ట్-జీలో లేదు. ఇక్కడికి మొదటిదే నయమనడానికి ఇదొక్కటే చాలు.

ఫ్యాక్ట్-జీ బలం వేరే చోట. 27 ప్రశ్నల్లో 7 ఇంటివాళ్లు, స్నేహితుల అండ, దగ్గరి బంధాల గురించే. మొత్తం స్కోరు 0 నుంచి 108, ఎక్కువైతే మంచిది. జవాబులు 0 నుంచి 4 వరకు. శారీరక భాగంలో ప్రశ్నలన్నీ ఇబ్బందుల గురించే కాబట్టి ప్రతి జవాబునీ 4లోంచి తీసేయాలి. అది మరిస్తే నీరసపడ్డ మనిషి హుషారుగా కనిపిస్తాడు.

సీ30లో తికమక ఇంకోటి: పనితీరు (రోజువారీ పనులు చేసుకోవడం లాంటివి) స్కోరు పెరిగితే మేలు, లక్షణాల (నొప్పి లాంటివి) స్కోరు పెరిగితే కీడు. నొప్పి ప్రశ్నలు రెండింటికి, 1 (అస్సలు లేదు) నుంచి 4 (చాలా ఎక్కువ) వరకున్న జవాబుల్లో 3, 4 అన్నారనుకోండి. సగటు 3.5, అందులోంచి 1 తీసి, 3తో భాగించి, 100తో గుణిస్తే 83.3. అంటే నొప్పి చాలా ఎక్కువగా ఉన్నట్టు.

ఏ పత్రమైనా మొదటి సిట్టింగుకు ముందే ఒకసారి నింపించాలి, లేకపోతే పోల్చడానికేమీ ఉండదు. తర్వాత మూడో నాలుగో వారంలో, చివర్లో, 3 నెలలకు. నోరు, గొంతు క్యాన్సరైతే మింగుడు, ఎండిన నోరు సీ30లో రావు. తల-మెడ అనుబంధ పత్రం జతచేయాలి. చదవలేనివాళ్లకు సిబ్బందే అధికారిక తెలుగు ప్రతి చదివి వినిపించాలి. పక్కనున్న కొడుకు "మా నాయన బాగానే ఉన్నాడు సార్" అంటే అది రోగి జవాబు కాదు.