సూర్యలంకలో పోయిన రబ్బరు ట్యూబు

హనుమకొండలో పుట్టి పెరిగిన మాకు సముద్రమంటే ఒక రాత్రి రైలు ప్రయాణం. కార్తీక మాసంలో ఒక్కసారైనా సముద్ర స్నానం చేయాలని మా అత్తమ్మ ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నందున ఈసారి ఆరుగురం బాపట్ల దగ్గరి సూర్యలంకకు వెళ్లాం. వరంగల్ నుంచి స్లీపర్‌లో రానూపోనూ అందరికీ కలిపి రూ. 2,880 అయింది. బాపట్ల స్టేషన్ నుంచి తీరం తొమ్మిది కిలోమీటర్లు ఉంటుంది, ఆటోకు రూ. 300 ఇచ్చాం. ప్రయాణంలో చెప్పుకోదగ్గ ఇబ్బంది ఏదీ కలగలేదు.

ఇబ్బంది అంతా బస దగ్గరే మొదలైంది. గది కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని, లైఫ్ జాకెట్లు ఇస్తామని, స్నానాల వేళ ఒడ్డున తమ మనిషి కాపలా ఉంటాడని ఫోనులో ఒకటికి రెండుసార్లు చెప్పి, గదికి రూ. 3,600 చొప్పున రెండు గదుల డబ్బు ముందే వేయించుకున్నారు. తీరా వెళ్లి చూస్తే కిటికీలోంచి నీళ్ల ట్యాంకు, దాని వెనుక సరుగుడు చెట్లు కనిపించాయి. జాకెట్లు ఉతకడానికి వెళ్లాయన్నారు. వాటికి బదులుగా గాలి నింపిన రబ్బరు ట్యూబు ఒకటి ఇచ్చి, దానికి రూ. 100 అద్దె తీసుకున్నారు. కాపలా మనిషి సంగతి అడిగితే ఒడ్డున కొబ్బరిబోండాలు కొడుతున్న కుర్రవాడిని చూపించారు. ఇంత సొమ్ముతో మా వైపు లక్నవరం చెరువు దగ్గర రెండు రోజులు హాయిగా ఉండివచ్చేవాళ్లమని అత్తమ్మ అప్పుడే అన్నది. కార్తీకమని నియమం పట్టిన మామయ్య మాత్రం ఏమీ అనకుండా పక్క దుకాణంలో వేగుతున్న చేపల వైపు చూస్తూ నిలబడ్డాడు.

మా బావమరిది ధర్మసాగర్ వైపు ఒక వ్యవసాయ బావిలో, నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని ఈత నేర్చుకున్నవాడు. జాకెట్ లేకుండా వద్దని నేను వారిస్తే, "ఏం గాదు బావా, నేను బాయిల ఈదినోన్ని" అని నవ్వాడు. జనం ఉన్నచోట అలలు ఎగసిపడుతున్నాయని, కాస్త ఎడంగా నీళ్లు నిశ్చలంగా ఉన్నచోటు చూసుకుని ట్యూబుతో దిగాడు. ప్రమాదమంతా ఆ నిశ్చలంగా కనిపించే చోటే ఉంటుందని మాలో ఎవరికీ తెలియదు. అలలు ఒడ్డుకు తెచ్చిపోసిన నీరంతా మళ్లీ లోపలికి వెళ్లాలి కదా. అది ఇసుక మేటల మధ్య సందు దొరికిన చోట సన్నని పాయగా చేరి వేగంగా వెనక్కి పోతుంది. అక్కడ లోతు ఎక్కువ కనుక అల విరగదు, నురుగు రాదు. నీళ్లు కొంచెం నల్లగా, ప్రశాంతంగా కనిపిస్తాయి. దీనినే రిప్ కరెంట్ అంటారు. ఒక్కొక్కసారి దీని వేగం సెకనుకు రెండు మీటర్లు దాటుతుంది కాబట్టి దానికి ఎదురీది ఒడ్డు చేరడం ఒలింపిక్ ఈతగాళ్లకైనా కష్టమే.

రెండు నిమిషాలు గడవకముందే అతడు యాభై, అరవై మీటర్ల దూరం వెళ్లిపోయాడు, ట్యూబు మరెటో కొట్టుకుపోయింది. ఒడ్డు వైపు బలమంతా పెట్టి ఈదుతున్నాడు కానీ ఉన్నచోటు నుంచి కదలడం లేదు. కేకలు వేయలేదు, చేతులు ఊపలేదు. తల మాత్రం మునుగుతూ తేలుతూ ఉంది. ఆడుకుంటున్నాడనే మా ఆవిడ అనుకున్నది. మునిగిపోయే మనిషికి ఊపిరి తీసుకోవడానికే వ్యవధి ఉండదు కనుక అరవలేడని నాకు ఆనాడే అర్థమైంది. నేను దూకబోతుంటే, వల బాగు చేసుకుంటున్న ఒక జాలరి పెద్దాయన నా చేయి పట్టి ఆపాడు. "నువ్వు పోమాక బాబూ, ఇద్దర్ని తేలేను" అని చెప్పి, మూత బిగించిన రెండు ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలను తాడుతో జతకట్టి, వాటిని ముందుకు తోసుకుంటూ అదే పాయలోకి దిగాడు. ఏ ప్రవాహం మా వాణ్ని తీసుకుపోయిందో అదే ఆయననూ అతని దగ్గరకు చేర్చింది. డబ్బాలను పట్టుకోమని అతనికి అందించి, ఇద్దరూ ఒడ్డుకు ఎదురుగా కాకుండా ఒడ్డు వెంబడి పక్కకు ఈది, ఆ పాయ దాటాక అలలతో పాటు దాదాపు రెండు వందల మీటర్ల అవతల బయటపడ్డారు. సొరకాయ బుర్ర చేసే పనే ఆ డబ్బాలు చేశాయి.

చుట్టూ చేరినవారు నీళ్లు కక్కించాలని అతని కడుపు నొక్కబోయారు. అప్పటికే పరుగున వచ్చిన మెరైన్ పోలీసు ఒకరు వారిని గట్టిగా కసిరి ఆపారు. కడుపు నొక్కితే లోపలిది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుందట. శ్వాస ఆడకపోతే ముందు నోటితో ఊపిరి అందించి, ఆ తర్వాత ఛాతీ నొక్కాలట. మా వాడికి శ్వాస ఆడుతూనే ఉంది, దగ్గు మాత్రం ఆగలేదు. ఇలాంటివారికి కొన్ని గంటల తర్వాత కూడా ఆయాసం రావచ్చని చెప్పి 108లో ఆసుపత్రికి పంపారు. సాయంత్రం దాకా పరిశీలనలో ఉంచి, ఏమీ లేదని తేల్చి పంపించారు.

వెళ్లేవారికి నేను చెప్పేది ఒక్కటే. బస ఎంత మంచిదైనా దాని మాట నమ్మి నీళ్లలో దిగవద్దు. ఈరోజు ఎక్కడ దిగాలో అక్కడి జాలరిని అడిగి మోకాళ్ల లోతులో స్నానం చేయండి. అలల హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ సముద్రం లేని మన హైదరాబాద్‌లోనే ఉంది. బయలుదేరేముందు దాని సూచనలు చూడండి. ప్రవాహంలో చిక్కితే దానితో పోరాడకుండా వెల్లకిలా తేలుతూ, ఓపిక ఉంటే పక్కకు ఈదాలి. ఒడ్డున ఉన్నవారు తేలే వస్తువు ఏదైనా విసిరి, 112కు గానీ తీర భద్రత నంబరు 1093కు గానీ ఫోను చేయాలి.

పెద్దాయనకు రూ. 2,000 ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అత్తమ్మ బతిమాలితే టీ తాగాడు. మరునాడు ఉదయం గదులు ఖాళీ చేస్తుంటే, పోయిన ట్యూబుకు రూ. 300 కట్టమని లాడ్జి వాళ్లు అడిగారు. మామయ్య గొడవకు దిగబోయాడు. ముందు రోజు నుంచి ఎవరితోనూ మాట్లాడని బావమరిది ఆయనను పక్కకు జరిపి, లెక్కపెట్టి మూడు నోట్లు బల్ల మీద పెట్టాడు. రసీదు ఇవ్వమన్నాను. ట్యూబులకు రసీదులు ఇవ్వరట.