మా ఊరి వాలంటీర్ ఫైర్ కంపెనీ: ఐదుకి ఐదు స్టార్లు, ఒక విన్నపం

పెన్సిల్వేనియాలో చిన్న ఊళ్లలో కొత్తగా ఇల్లు కొనుక్కుంటున్న మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇది. ఇక్కడ 911కి ఫోన్ చేస్తే వచ్చే ఫైరింజన్‌లో చాలా చోట్ల జీతం తీసుకునే ఉద్యోగులు ఉండరు. మా ఊళ్లో అయితే ఒకాయన మెకానిక్, ఒకావిడ స్కూల్ బస్సు నడుపుతుంది, ఇంకొకాయనకి డెయిరీ ఉంది. పేజర్ మోగితే చేతిలో పని వదిలేసి, సొంత కారుకి నీలం లైటు పెట్టుకుని స్టేషన్‌కి పరుగెత్తుకొస్తారు. ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1736లో మొదలుపెట్టిన పద్ధతి ఇంకా ఇలాగే నడుస్తోంది.

మాకు వాళ్ల అవసరం పోయిన చలికాలంలో పడింది. మంచు విపరీతంగా పడిన రాత్రి, కంటికి కనపడని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుని పసిగట్టే అలారం మోగింది. మంటా లేదు, పొగా లేదు, వాసనా లేదు, అలారం పాడైందేమో అనుకుని పడుకునేవాళ్లు కూడా ఉంటారు, దయచేసి ఆ పని చేయకండి. ఫోన్ చేస్తే అందర్నీ వెంటనే బయటికి వెళ్లమన్నారు, పక్కింటికి వెళ్లాం. అంత మంచులో కూడా మేం అనుకున్నదానికంటే ముందే వచ్చేశారు. ఒకాయన అరచేతిలో పట్టేంత మీటరు ముందుకు చాపి పట్టుకుని, గది గదికీ తిరుగుతూ అంకెలు పైకి చదువుతుంటే ఇంకొకాయన రాసుకున్నారు. బేస్‌మెంట్‌లోకి దిగేసరికి అంకె బాగా పెరిగింది. చూస్తే ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ పొగ బయటికి పోయే తెల్ల ప్లాస్టిక్ గొట్టం ఇంటి పక్కన మంచులో పూర్తిగా కూరుకుపోయి ఉంది! వాళ్లే పార పట్టుకుని మంచు తీశారు, ఫర్నేస్ ఆపేశారు, తలుపులన్నీ తెరిచి పెద్ద ఫ్యాన్ పెట్టారు, మీటరు సున్నా చూపించేదాకా కదల్లేదు. టెక్నీషియన్ వచ్చి చూసేదాకా ఫర్నేస్ వెయ్యొద్దని గట్టిగా చెప్పారు. మా అత్తగారు టెన్షన్‌తో వణికిపోతుంటే ఆ బస్సు నడిపే ఆవిడ బండిలోంచి దుప్పటి తెచ్చి కప్పి, ఏం జరిగిందో నెమ్మదిగా రెండుసార్లు చెప్పింది.

మాకు బిల్లేమీ రాలేదు. మరి డబ్బెక్కడిది అంటే, టౌన్‌షిప్ (అంటే ఇక్కడి స్థానిక ప్రభుత్వం) కొంత ఇస్తుంది, మిగతాది వాళ్లే సంపాదించుకోవాలి. ఇప్పుడు కొత్త ఫైరింజన్ కొనాలంటే పది లక్షల డాలర్ల దాకా అవుతుంది. అందుకే డబ్బు పోగెయ్యడానికి బింగో ఆట, చికెన్ బార్బెక్యూ, లెంట్ (ఈస్టర్‌కి ముందు క్రైస్తవుల ఉపవాస కాలం) రోజుల్లో శుక్రవారం చేప వేపుడు పెడతారు. చేప తాజాగా, కరకరలాడుతూ ఉంటుంది, మన నాలుకకి కారం చాలదు కానీ రుచిగా ఉంటుంది. శాకాహారులకి మ్యాక్ అండ్ చీజ్ దొరుకుతుంది. క్యాష్ మాత్రమే తీసుకుంటారు, ఆరు దాటితే లైను చాలా పెద్దది, ఈ రెండూ మార్చుకుంటే బాగుంటుంది.

అసలు కష్టం మనుషులు తగ్గిపోవడం. 1970లలో రాష్ట్రంలో దాదాపు 3 లక్షల మంది వాలంటీర్లు ఉండేవారట, 2018 నాటి రాష్ట్ర నివేదికలో ఆ లెక్క 38 వేలే. పగలు అందరూ ఉద్యోగాల్లో ఉంటారు కాబట్టి ఒక్క మంటకి పక్క ఊళ్ల ఫైర్ కంపెనీలని కూడా కలిపి పిలవాల్సి వస్తోంది. మన కాలనీలు పెరుగుతున్నాయి, ఇళ్లు పెరుగుతున్నాయి, బండి ఎక్కేవాళ్లు మాత్రం పెరగడం లేదు.

కాబట్టి ఏటా చందా కోసం వాళ్లు పంపే ఉత్తరాన్ని జంక్ మెయిల్ అనుకుని పారేయకండి, తోచినంత పంపండి. చీకట్లో కూడా కనిపించేలా ఇంటి నంబరు రోడ్డు వైపు పెట్టండి, వాళ్లకి నిమిషాలు కలిసొస్తాయి. ఓపిక ఉన్నవాళ్లు చేరండి. మంటల్లోకి వెళ్లడానికి వంద గంటలకి పైగా ట్రైనింగ్ కావాలి గానీ, ప్రమాదం జరిగిన చోట ట్రాఫిక్ ఆపడానికి, లెక్కలు రాయడానికి, కంప్యూటర్ పనులు చూడటానికి కూడా మనుషులు కావాలి. ఈ చివరి రెండూ మనవాళ్లకి వెన్నతో పెట్టిన విద్యే కదా. మా ఊళ్లో సోమవారం సాయంత్రం స్టేషన్ తలుపులు తెరిచే ఉంటాయి, నేరుగా వెళ్లి అడగొచ్చు.